భోగినాటి శొంఠి కాఫీ

పిల్లలూ! ధనుర్మాసం వచ్చిందంటే తిరుపతి తెల్లవారకముందే మేలుకుంటుంది. ఆ నెలరోజులూ తిరుమల కొండమీద స్వామివారికి సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తారు. ఆ నెలలో చివరిరోజే భోగి. చీకటితో లేచి భోగిమంట చుట్టూ చేరటం మీకందరికీ సరదాయే కదా! మంట ముందు నిలబడితే ముఖం వేడెక్కుతుంది గాని, వీపు మాత్రం చలికి వణుకుతూనే ఉంటుంది. అలాంటప్పుడు అవ్వ తలా ఒక గ్లాసు శొంఠి కాఫీ తెచ్చి ఇచ్చిందంటే ఆ హాయి ఇంతా అంతా కాదు.

పేరుకు కాఫీయే గాని, చాలా ఇళ్లలో ఇందులో కాఫీపొడి వెయ్యరు. మనకు పొరుగున ఉన్న తమిళులు దీన్ని ‘సుక్కు కాపీ’ అంటారు. సుక్కు అంటే శొంఠి. ఆపిల్ పండే చలిదేశాలలో కూడా ఇలాంటి అలవాటే ఉంది. క్రిస్మస్ రోజుల్లో చుట్టాలు వస్తే ఆపిల్ రసంలో దాల్చినచెక్క, లవంగాలు వేసి కాచి, వేడిగా ఇస్తారు. మన సీమలో పండేది చెరుకు. కనుక మన పానీయానికి తీపి బెల్లం నుంచి వచ్చింది.

చిత్తూరు ప్రాంతం బెల్లానికి పేరుపొందింది. చెరుకును గానుగాడి, రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి కాస్తారు. పొయ్యిలోకి వేరే కట్టెలు కొననక్కరలేదు. ఎండిన చెరుకు పిప్పే వంటచెరుకు! నీళ్లు 100 డిగ్రీల వేడిమి దగ్గర మరుగుతాయి గాని, బెల్లపు పాకం దించే వేళకు దాని వేడి సుమారు 118 డిగ్రీలు ఉంటుంది. 100 కిలోల చెరుకు ఆడితే సుమారు 10 కిలోల బెల్లం వస్తుంది.

బెల్లం కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మంచి బెల్లం ముదురు రంగులో ఉంటుంది. చూపుకు పచ్చగా, తెల్లగా కనిపించాలని కొందరు పాకంలో ‘హైడ్రోస్’ అనే రసాయనం కలుపుతారు. అది ఒంటికి మంచిది కాదు. కనుక రంగు చూసి మోసపోకండి.

ఇక శొంఠి కాఫీ ఎలా చెయ్యాలో చూద్దాం. పదిమందికి కావలసినవి ఇవి: నీళ్లు 2 లీటర్లు, తురిమిన బెల్లం 200 గ్రాములు, ధనియాలు 2 పెద్ద చెంచాలు, శొంఠిపొడి 2 చిన్న చెంచాలు, మిరియాలు 1 చిన్న చెంచా, ఏలకులు 6, తులసి ఆకులు గుప్పెడు.

ధనియాలు, మిరియాలు దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచండి. దంచటం మీరు చెయ్యవచ్చు. పొయ్యి పని మాత్రం పెద్దవాళ్లకు వదిలెయ్యండి. ముందుగా బెల్లాన్ని రెండు గ్లాసుల నీళ్లలో కరిగించి, పలచని గుడ్డతో వడకట్టండి. అడుగున ఇసుక, నలకలు ఎన్ని మిగిలాయో చూస్తే ఎందుకు వడకట్టమన్నామో మీకే తెలుస్తుంది. మిగిలిన నీళ్లలో దంచిన పొడి, శొంఠి వేసి, మూతపెట్టి, సన్నని సెగమీద పది నిమిషాలు కాగనివ్వాలి. తరువాత బెల్లం నీళ్లు పోసి, ఒక పొంగు రాగానే దించి, ఏలకుల పొడి, తులసి ఆకులు వేసి మళ్లీ మూతపెట్టాలి. అయిదు నిమిషాలాగి వడకట్టుకోవాలి.

మూత ఎందుకు? ఈ దినుసులలో వాసన ఇచ్చే నూనెలు ఆవిరితో కలిసి ఎగిరిపోతాయి. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే, ఆ మేరకు గ్లాసులో వాసన తగ్గిందన్నమాటే! పాలు కావలసినవారు కూడా తొందరపడకూడదు. బెల్లంలోని పులుపు, లవణాలు తగిలితే మరిగే పాలు విరిగిపోతాయి. దించి, కొంచెం చల్లారిన తరువాత పాలు కలిపితే ఆ బాధ ఉండదు.

ఇప్పుడొక ప్రశ్న. శొంఠి కాఫీ తాగితే ఒళ్లు వెచ్చబడినట్టుంటుంది. ఆ వెచ్చదనం నీళ్లదా, శొంఠి మిరియాలదా?

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒకేరకం గ్లాసులు రెండు తీసుకుని, ఒకదానిలో వట్టి బెల్లం నీళ్లు, మరొకదానిలో శొంఠి కాఫీ సమంగా పొయ్యండి. రెండు గంటలు కదపకుండా ఉంచండి. తరువాత గ్లాసులను చేత్తో తాకి చూడండి. రెండూ ఒకేలా చల్లగా ఉంటాయి. కాని ఒక్కొక్క గుక్క తాగి చూడండి. బెల్లం నీళ్లు చల్లగా దిగిపోతాయి. శొంఠి కాఫీ గొంతులో సన్నగా మంట పుట్టిస్తుంది. చెయ్యి ఒకటని చెప్పింది, నోరు వేరని చెప్పింది!

మన భాషలో భోగిమంటకూ, నోటి మంటకూ ఒకటే మాట ఉన్నది. అది ఊరికే కలిసిన పోలిక కాదు. మన నాలుకమీద, చర్మంలో వేడిని పసికట్టే నాడులున్నాయి. వేడి సుమారు 43 డిగ్రీలు దాటగానే వాటిలోని చిన్న ద్వారాలు తెరుచుకుని, ‘కాలుతోంది!’ అని మెదడుకు కబురు పంపుతాయి. మిరపకాయ కారంతో కూడా ఆ ద్వారాలే తెరుచుకుంటాయని అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు 1997లో కనిపెట్టారు. ఈ పరిశోధనకు జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానం లభించింది. స్పర్శను గురించి పరిశోధించిన ఆర్డెమ్ పటపూటియన్ దానిని ఆయనతో పంచుకున్నారు.

మిరియాలలోని పైపరిన్ అనే పదార్థం కూడా ఆ ద్వారాలను తెరుస్తుంది. దానిని 1819లో అయిర్‌స్టెడ్ అనే డేనిష్ శాస్త్రజ్ఞుడు వేరుచేశాడు. శొంఠి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పచ్చి అల్లంలో జింజరాల్ అనే కారం ఉన్నది. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు అందులో కొంత షోగాల్ అనే మరింత ఘాటైన పదార్థంగా మారుతుంది. జపాను భాషలో అల్లాన్ని ‘షోగా’ అంటారు. ఆ పేరే దీనికి వచ్చింది. అల్లం కంటె శొంఠి ఎందుకు ఘాటో తెలిసింది కదా!

కబురు అందగానే మెదడు ఒళ్లు నిజంగానే కాలుతోందనుకుంటుంది. చల్లబరచటానికి నుదుట చెమట పట్టిస్తుంది, ముక్కు కారుస్తుంది. చలిలో మనకు హాయి అనిపించేది ఈ హడావిడే. ఇంచుమించు ఇవే సరుకులు చన్నీళ్లలో కలిపితే శ్రీరామనవమి పానకం అవుతుంది.

దీనివల్ల మనం నేర్చుకోవలసినది ఒకటున్నది. మిరియం తోడైతే ఆ నాడులు తక్కువ వేడికే మేలుకుంటాయి. కనుక శొంఠి కాఫీ వెచ్చదనం ఇవ్వాలంటే పొగలు కక్కనక్కరలేదు. 65 డిగ్రీలకు మించిన వేడితో పానీయాలు తాగే అలవాటు అన్నవాహికకు క్యాన్సరు తేవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధకులు 2016లో హెచ్చరించారు. చీకట్లో, మంట దగ్గర, పిల్లలు గుంపుగా ఉన్నచోట మరిగే గ్లాసు ఒలికితే పండుగపూట ఒళ్లు కాలుతుంది. గ్లాసును చేత్తో హాయిగా పట్టుకోగలిగినంత చల్లారాకే తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ అందించండి. మరీ పసివాళ్లకు అసలే వద్దు.

‘శొంఠి లేని కషాయం లేదు’ అని సామెత. గొంతు గరగరకు శొంఠి కాఫీ హాయినిస్తుంది. అయితే జలుబు తెచ్చే వైరసులను అది చంపలేదు. జ్వరం వస్తే డాక్టరుగారి దగ్గరకు వెళ్లవలసిందే.

ఈ భోగికి మీ ఇంట్లో శొంఠి కాఫీ చేసినప్పుడు రెండు గ్లాసులు పక్కన ఉంచి, పరీక్ష చేసి చూడండి. ముందు అవ్వనూ, తాతనూ రుచి చూడమని, వాళ్లేమన్నారో ఒక కాగితం మీద రాసుకోండి.