బొగ్గుబాయిలో రగిలే నిప్పుకు బాధ్యులెవరు?

ఆదోని మార్కెట్ యార్డులో ఏ హమాలీని అడిగినా చెబుతాడు. తడి పత్తిని కుప్ప పోసి నాలుగు రోజులు అట్లే వదిలేస్తే లోపల వేడి పుడుతుంది, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. గడ్డి ఆరకముందే వామి వేసిన రైతుకూ ఈ సంగతి ఎరుకే. ఎవడూ అగ్గిపుల్ల గీయడు. అయినా లోపల ఉడుకు పుట్టి, ఒక్కోసారి వామే అంటుకుంటుంది. బొగ్గుబాయిలో జరిగేదీ ఇలాంటిదే. అక్కడ పని మొదలుపెట్టేది తేమ కాదు, గాలి. తేడా అంతే.

మా జొన్నగిరి దిక్కు బొగ్గు లేదు. తొలకరి పడితే చేలల్లో వజ్రాల కోసం వెదుకులాడే ఊరు మాది. మరి రైతుకూలీల శీర్షికలో బొగ్గుబాయి మాట ఎందుకంటారా? మన మోటారు తిరిగే కరెంటులో ఆ బొగ్గు ఉంది. ముద్దనూరు థర్మల్ కేంద్రానికి ఏళ్ల తరబడి సింగరేణి బొగ్గు వచ్చింది. ఆ బొగ్గు తవ్విన వాళ్లలో చాలామంది భూమి లేని పేదల బిడ్డలే. ఇక్కడ కూలోళ్లు సుగ్గికి గుంటూరు దిక్కు పోయినట్టే, వాళ్లు పల్లెలు వదిలి ఇల్లెందుకు, కొత్తగూడేనికి, గోదావరిఖనికి పోయారు.

ముందు నిప్పు ఎలా పుడుతుందో చూద్దాం. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. పీల్చుకున్నప్పుడల్లా కాస్త వేడి పుడుతుంది. గాలి బాగా ఆడితే ఆ వేడి కొట్టుకుపోతుంది. గాలి అసలే లేకపోతే వేడే పుట్టదు. ప్రమాదమంతా నడిమధ్యన ఉంది. బొగ్గును ఉడికించేందుకు చాలినంత, ఆ వేడిని మోసుకుపోయేందుకు చాలనంత గాలి సందులగుండా పాకే చోట నిప్పు పుడుతుంది. తవ్వి వదిలేసిన ఖాళీ చోటును గని కార్మికులు గోఫ్ అంటారు. పైకప్పు కూలి, రాళ్ల నడుమ బొగ్గు చూర్ణం చిక్కుకుని ఉండే ఆ గోఫే దీనికి పుట్టిల్లు. మొదట గోడలు చెమరుస్తాయి. తర్వాత కిరసనాయిలు వంటి వాసన వస్తుంది. పొగ కనిపించేది చివరకు. ఈలోగా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషిని నిలువునా పడేస్తుంది.

అయితే గోఫ్‌లో బొగ్గు ఎందుకు మిగిలింది? అసలు ప్రశ్న ఇదే. మన భూగర్భ గనుల్లో మొదట దారులు తొలిచి, మధ్యలో బొగ్గు స్తంభాలు వదులుతారు. ఆ విడతలో చేతికొచ్చేది నాలుగో వంతుకు అటూ ఇటూ. తర్వాత స్తంభాలను తీసుకుంటూ వెనక్కి వస్తారు. దీన్ని డిపిల్లరింగ్ అంటారు. అప్పుడూ మొత్తం రాదు. స్తంభాల అంచులు, పైపొర బొగ్గు, పగుళ్లలో చూర్ణం లోపలే ఉండిపోతాయి. గోదావరిఖని 10వ ఇంక్లైన్‌లో 1980ల చివర ఫ్రెంచి సాయంతో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి తెచ్చారు. మందమైన పొరను కింది నుంచి పేల్చి దించే ఈ పద్ధతిలో ఉత్పత్తి పెరిగింది. గోఫ్‌లో మిగిలే బొగ్గూ పెరిగింది, దాంతో పాటు వేడెక్కే బెడదా వచ్చింది.

స్తంభాలు వదలకపోతే పైకప్పు మనుషుల మీద కూలదా అని ఇంజనీర్లు అడుగుతారు. నిజమే, కూలుతుంది. కొన్ని పొరల బొగ్గుకు తొందరగా అంటుకునే గుణం ఉందన్నదీ నిజమే. కానీ ఆ గుణం తెలిసిన నాటి నుంచే విరుగుడూ తెలుసు. బొగ్గు వేడెక్కేందుకు నెలల గడువు పడుతుంది. ఆ గడువులోగా పని ముగించి మూసేయగలిగేంత చిన్న ప్యానెల్‌నే తవ్వాలి. చుట్టూ గట్టి అడ్డుగోడలు ముందే సిద్ధం చేసుకోవాలి. గాలిలో ఆక్సిజన్ ఎంత తగ్గింది, కార్బన్ మోనాక్సైడ్ ఎంత పెరిగింది అని లెక్క తీయాలి. గ్రాహం నిష్పత్తి అనే ఈ లెక్క వందేళ్ల నుంచి వాడుకలో ఉంది. అన్నిటికన్నా మిన్న, ఖాళీ చోటును ఇసుకతో నింపాలి. నింపితే గాలికి సందు ఉండదు, పైన చేను కుంగదు.

మరి ఎందుకు నింపరు? ఇసుకకు డబ్బు కావాలి, నింపేందుకు రోజులు కావాలి. టన్నుల లెక్కన పని నడిచే చోట ఈ రెండూ దండగ ఖర్చుగానే కనిపిస్తాయి. తెల్లదొరల కాలంలోనే 1939లో ఇసుక నింపుడు కోసం చట్టం తెచ్చి బొగ్గు మీద సుంకం వేయాల్సివచ్చింది. యజమానులు తమంతట తాము నింపరని అప్పటికే తేలిపోయింది. స్వతంత్రం వచ్చాక 1952 చట్టం, 1974 చట్టం ఆ సుంకాన్ని కొనసాగించాయి. 2017లో జీఎస్టీ వచ్చింది, ఆ సుంకం పోయింది.

నింపని గనుల గతి ఏమిటో ఝరియా చెబుతోంది. అక్కడ 1916 నుంచి నిప్పు రగులుతూనే ఉంది. ప్రైవేటు యజమానులు మేలిరకం బొగ్గును పైపైన దోచుకుని, మిగిలింది గాలికి వదిలేశారు. 1971-73 మధ్య గనులు జాతీయమయ్యాయి. అప్పటికే నిప్పు ఊళ్ల కిందికి పాకింది. ఒకనాటి యజమానుల లాభానికి ప్రజలు నేటికీ కడుతున్నారు. 2025 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఝరియా సవరణ ప్రణాళికకు 5,940 కోట్ల రూపాయలు ఒప్పుకుంది.

అంతా ఓపెన్‌కాస్ట్ చేసేస్తే పీడా పోతుందని ఒక వాదన. పాత భూగర్భ గనుల మీద ఓపెన్‌కాస్ట్ తవ్వితే, ఏళ్ల తరబడి లోపలున్న స్తంభాలు ఒక్కసారిగా గాలికి తేలి అవీ అంటుకుంటాయి. పైగా భూములు పోతాయి, పనీ పోతుంది. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులున్న సింగరేణిలో ఇప్పుడు పర్మినెంటు వాళ్లు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు.

వదిలేసిన బాయిలో కాచుకుని ఉండేవి రెండు: నిప్పు, నీళ్లు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. నిప్పు పుట్టిన ప్యానెల్‌కు గోడ కట్టేందుకు పోయేదీ ఆ కార్మికుడే. టన్నుల లెక్క రాసుకున్న వాడు పోడు.

2020 నుంచి బొగ్గు బ్లాకులను అమ్ముకునే వ్యాపారానికి వేలం వేస్తున్నారు. 2024 జూన్‌లో సింగరేణి ప్రాంతపు శ్రావణపల్లి బ్లాకును కూడా వేలం జాబితాలో చేర్చారు. 1952 గనుల చట్టాన్ని కొత్త కోడ్‌లో కలిపేసి 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి తెచ్చారు. వేలంలో పాడిన వాడు బొగ్గు తీసుకుపోతాడు. మిగిలిన బొగ్గుకూ, దాని నిప్పుకూ ఎవడు జవాబుదారీ?

అందుకే గని కార్మికులతో పాటు మనమూ అడగాలి. తవ్విన చోటు నింపనిదే కొత్త చోటు తవ్వేందుకు అనుమతి ఇవ్వకూడదు. నింపుడు ఖర్చును ముందే విడిగా జమ చేయించాలి. లోపలి గాలి లెక్కలు రోజూ బాయి గేటు దగ్గర తెలుగులో రాసిపెట్టాలి. ప్రమాదముందని కార్మికుడు పని ఆపితే, పర్మినెంటు అయినా కాంట్రాక్టు అయినా కూలి కోయకూడదు.

తడి గడ్డిని వామి వేసిన రైతు నిప్పు పుడితే దేవుణ్ణి తిట్టడు. ఆరబెట్టకపోవడం తన తప్పని ఒప్పుకుంటాడు. ఆ పాటి నిజాయితీ గని యజమానులకూ ఉండాలని అడగడం తప్పా?