శీతకాలపు టైర్లు వృథావ్యయమా?

నాలుగు చక్రాలకును ఇంజను శక్తి నందించు కార్లు గలవారికి శీతకాలపు టైర్లు వృథావ్యయమనియు, వానిని విక్రయించుటయే మేలనియు టొరంటో మిత్రులొకరు గతసంచికలో వ్రాసిరి. ఆ శక్తి కారును కదలించుటకే గాని నిలుపుటకు గాదు. బ్రేకు వేసినపుడు మంచుపై పట్టు నిచ్చునది రబ్బరు, ఆ రబ్బరో, వేసవి టైర్లయందు 7 డిగ్రీలకు దిగువన బిరుసెక్కి జారుడుస్వభావము నొందును. ఇక వ్యయమందురా, శీతకాలపు టైర్లు తిరుగు నెలలలో వేసవి టైర్లు విశ్రమించును గనుక రెండు జతలును అధికకాలము మన్నును, పైగా ఆంటారియోలో బీమా సంస్థలు శీతకాలపు టైర్లకు రాయితీ నీయవలెనను నియమము 2016 నుండియు గలదు (మిత్రులు దీనినేల విస్మరించిరో!). చలికాలమంతయు కారును గరాజునందుంచి సబ్‌వే రైలునే నమ్ముకొనువారు నిస్సంశయముగా విక్రయింపవచ్చును. గాడులరిగిన పాతవానిని దాచుకొనుటను మాత్రము నేనును సమర్థింపను.

— ఒక పాఠకుడు, మిసిసాగా