విరేచనాలు తగ్గాక అసలు ముప్పు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని తాల్‌బగీచా లాంటి చోట్ల వానాకాలంలో పిల్లలకు విరేచనాలు కొత్తేమీ కాదు. మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రతోనే చాలామంది సరిపెట్టుకుంటారు. కానీ మలంలో రక్తం కనిపిస్తే అది మాత్రతో తేలే వ్యవహారం కాదు.

పశ్చిమ బెంగాల్‌కు ఈ పాఠం 1984లోనే అందింది. ఆ ఏడాది షిగెల్లా టైప్-1 బ్యాక్టీరియా రక్త విరేచనాలను విస్తృతంగా వ్యాపింపజేసింది. అప్పట్లో వాడే పలు యాంటీబయాటిక్స్‌కు అది లొంగలేదు. షిగెల్లా సోకిన పిల్లల్లో మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాల వైద్యులు 1978లోనే వెల్లడించారు. టైప్-1 ఇప్పుడు అరుదే అయినా ముప్పు పూర్తిగా పోలేదు.

ఈ బ్యాక్టీరియా వదిలే షిగా విషం మూత్రపిండాల్లోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. వాటిలో రక్తం గడ్డకడుతుంది. ఎర్రకణాలు చితికిపోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మూత్రం తగ్గిపోతుంది. దీన్ని హీమోలైటిక్ యురీమిక్ సిండ్రోమ్ అంటారు. ఇ.కొలి ఓ157 బ్యాక్టీరియాదీ ఇదే తరహా విషం. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్ల ద్వారా అది 700 మందికి పైగా సోకింది. నలుగురు పిల్లలు మరణించారు.

ఓ157 సోకిన పిల్లల్లో నూటికి 5 నుంచి 15 మందికి ఈ సమస్య రావచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు ముప్పు ఎక్కువ. రక్త పరీక్షలో తెల్లకణాలు బాగా పెరిగి ఉంటే మరింత అప్రమత్తంగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గినా, లోపెరమైడ్ లాంటి విరేచనాలు ఆపే మందులు వాడినా ప్రమాదం పెరుగుతుంది.

యాంటీబయాటిక్ విషయంలో చిక్కు ఉంది. షిగెల్లాకు సరైన మందును త్వరగా ఇవ్వడమే రక్ష. ఓ157కు అదే మందు కీడు చేయవచ్చు. ఏది సోకిందో తేల్చాల్సింది మల పరీక్షే తప్ప షాపువాడి అంచనా కాదు.

అన్నిటికన్నా మోసం చేసేది సమయం. విరేచనాలు మొదలైన 5 నుంచి 13 రోజుల మధ్య, బిడ్డ కోలుకుంటున్నట్లు కనిపించే వేళ కిడ్నీలు మొరాయిస్తాయి. మూత్రం తగ్గడం, ముఖం పాలిపోవడం లేదా ఉబ్బడం, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. సకాలంలో డయాలసిస్ అందితే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. ఆ తర్వాత కూడా రక్తపోటు, మూత్ర పరీక్షలు కొన్నేళ్లపాటు తప్పవు. విరేచనాలు ఆగాయా అని చూసే తల్లిదండ్రులు, ఆ రెండు వారాలూ బిడ్డ మూత్రం పోస్తున్నాడా అని కూడా చూడాలి.