ఏ మందు తాతా?

డెబ్బై దాటిన తాతను డాక్టరు అడుగుతాడు: "తాగుతవా?" పక్కన కొడుకు, వెనక వరుసలో ఊరివాళ్లు. తాత లేదన్నట్టు తల ఊపుతాడు. అది అబద్ధమనలేం. ఆయన లెక్కలో తాగుడంటే సారా. పొద్దున తాటిచెట్టు కింద రేకలో పోయించుకున్నది కల్లు. అవ్వనైతే ఆ ప్రశ్న అడగనే అడగరు. పండక్కీ దినానికీ ఆమె కూడా ఇంత పుచ్చుకుంటుందని ఊరంతటికీ తెలుసు.

మన మాటతో ఇంకో చిక్కు. బీపీ గోళీ మందే, క్వార్టరూ మందే.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ చదివే పిల్లలు ఈ ప్రశ్న అడిగే తీరు కూడా నేర్చుకోవాలని నా ఆశ. తాటివనాల ఊళ్లో కల్లు, ఏజెన్సీ పల్లెలో ఇప్పసారా, ఇంకోచోట గుడుంబా. పేరు పెట్టి అడిగితేనే జవాబు వస్తుంది. ముందు నిద్ర సంగతి, మోకాళ్ల సంగతి అడగాలి. "నొప్పులకు రాత్రిపూట ఏమన్న తీసుకుంటవా తాతా? కల్లయితే ఎన్ని సీసాలు?" చాలామంది పెద్దలు మొదలుపెట్టింది ఒళ్లు నొప్పులకే, పట్టని నిద్రకే.

వయసు మీదపడ్డాక ఒంట్లో నీటి పాలు తగ్గుతుంది. నలభైలో తట్టుకున్న మోతాదే డెబ్బైలో తలకెక్కుతుంది. షుగర్ గోళీ వేసుకుని, అన్నం మానేసి తాగితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. బీపీ గోళీకి తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. తుంటి విరిగి మంచాన పడ్డ ముసలివాళ్లలో ఎందరిని ఈ ప్రశ్న అడిగారో!

నిజం చెప్పించుకున్నాక "రేపటి నుంచి బంద్" అనడం ఇంకా ప్రమాదం. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకుతూ, మతి తప్పి మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరారు. కల్లులో కలిపిన మత్తుమందు ఉన్నట్టుండి అందకపోవడమే కారణం. సారాకు అలవాటుపడ్డ ఒళ్లూ అంతే. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు కనిపెట్టుకుని ఉండి, మెల్లగా మాన్పించాలి.

ఓపీలో రద్దీ ఉంటుంది, తెలుసు. అయినా కొడుకును మందుల కిటికీ దగ్గరికి పంపి, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంటే రెండు నిమిషాలు దొరుకుతాయి. కొడుకు గోళీలతో తిరిగొచ్చేలోపు తాత గొంతు తగ్గించి చెప్తాడు: "ముసల్ది పోయినకాంచి, సారూ, పొద్దుగూకితే తోస్తలేదు."