చివరి బస్సు

పట్టణము గొప్పదనమును అందలి మేడలను చూచి లెక్కకట్టుట లోకమునకు అలవాటు. కాని మేడలోనికి పోవుటకు పరిచయము కావలెను. బస్సు స్టేషనులోనికి పోవుటకు అట్టిదేమియు అక్కరలేదు. పల్లెనుండి వచ్చినవాడు పట్టణమును మొదట కలిసికొనునది అక్కడనే. అక్కడ తనకు లభించిన సమాధానమును బట్టియే ఆ ఊరి మర్యాద ఎట్టిదో అతడు నిర్ణయించుకొనును. మిరప పంట చేతికి వచ్చు రోజులలో గుంటూరు ఎన్.టి.ఆర్. బస్సు స్టేషనులో ఒక సాయంకాలము నిలిచి చూచినవారికి ఈ సంగతి తేటపడగలదు. యార్డులో టిక్కీలు దించి, ధర తేలి, తక్‌పట్టీ చేతికి వచ్చుసరికి ప్రొద్దుగూకిన రైతు, పెద్దాసుపత్రిలో మందులు తీసికొని వచ్చిన ముసలమ్మ, కళాశాల ముగించుకొని ఇల్లు చేరవలసిన బాలిక, ఈ ముగ్గురును అడుగు ప్రశ్న ఒక్కటే: "మా ఊరి బస్సు ఉందా, పోయిందా?"

"ఎర్రబస్సెక్కి వచ్చినవాడు" అను ఎత్తిపొడుపు మాట తెలుగునాట చాలకాలముగా వాడుకలో ఉన్నది. నాగరికత తెలియనివాడని దాని భావము. ఆ మాట అన్నవారి తాత తండ్రులును చాలమంది ఆ బస్సులోనే వచ్చియుందురు. నేడు పట్టణములలో ఉన్న వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు ఎందరో రేకుపెట్టెతో, అన్నపు క్యారియరుతో ఆ బస్సు దిగినవారే. పల్లెకును చదువునకును నడుమ నడచిన వంతెన అది. అట్టి దానిని గేలిచేయుట కంటె, అది వేళకు నడచుచున్నదా లేదా అని విచారించుట మేలు.

ఈ బస్సు చరిత్ర చిన్నది కాదు. నిజాము రాష్ట్రమున రైలు, రోడ్డు రవాణా శాఖ 1932 జూనులో 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను సేవ ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరము 1958 జనవరి 11వ తేదీన రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. 2020 జనవరి 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశ్‌లో సంస్థ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. కోస్తా జిల్లాలలో మాత్రము సంస్థకు పూర్వము బస్సులు నడపినవారు ప్రైవేటు యజమానులు. వారినుండి మార్గములను ప్రభుత్వము స్వీకరించుట తేలికగా జరిగిన పని కాదు.

ఆ కాలపు కథ ఒకటి విద్యార్థులు తెలిసికొనదగినది. కృష్ణా జిల్లా బస్సు మార్గములను సంస్థ పరము చేయు పథకముపై గుళ్ళపల్లి నాగేశ్వరరావు మొదలగు బస్సు యజమానులు సుప్రీంకోర్టునకు పోయిరి. 1958 నవంబరు 5వ తేదీన కోర్టు వారి పక్షమున తీర్పు చెప్పినది. యజమానుల ఆక్షేపణలను విన్నది రవాణా శాఖ కార్యదర్శి. పథకమును ఖాయపరచినది ముఖ్యమంత్రి. వినువాడొకడు, నిర్ణయించువాడు మరియొకడు అయినచో ఆ వినికిడి ఒట్టి తంతుగా మిగులునని కోర్టు భావించినది. తరువాత ముఖ్యమంత్రి స్వయముగా ఆక్షేపణలను విని పథకమును ఖాయపరచగా, 1959లో కోర్టు దానిని అంగీకరించినది. విన్నవాడే నిర్ణయింపవలెనను ఈ నియమమును దేశమంతట న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. బస్సు యజమాని పోరాడి సంపాదించిన ఆ న్యాయము బస్సు ఎక్కు ప్రయాణికునకు మాత్రము ఇంకను పూర్తిగా దక్కలేదు.

గుంటూరు, ప్రకాశము సీమలకు బస్సు ఎంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు. దర్శి, పొదిలి, కనిగిరి వంటి ఊళ్ళు దశాబ్దములపాటు రైలు ఎరుగక బస్సునే నమ్ముకొని బ్రతికినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగి పల్నాడునకు నరసరావుపేట, బాపట్ల జిల్లాకు బాపట్ల కేంద్రములు కాగా, కార్యాలయములకు పోవువారి దారులు మారినవి. దారులు మారినపుడు బస్సు వేళలును మారవలెను గదా! ఇక పత్తితీతకు, మిరపకోతకు కర్నూలు పడమటి ప్రాంతములైన కోసిగి, మంత్రాలయము వైపు నుండి కుటుంబములు కుటుంబములే తరలివచ్చును. చంక బిడ్డలతో, వంట సామానుల మూటలతో దిగిన ఆ కూలీలకు చేరవలసిన పల్లెకు బస్సు దొరకనప్పుడు ఆటోలును, సరకుల బండ్లును గతియగుచున్నవి. ఎక్కవలసిన వారికి రెండింతలు ఎక్కిన ఆటో బోల్తాపడినదను వార్త ఈ ప్రాంతమున పంట ఋతువులో అరుదు కాదు.

ఇంతలో ప్రయాణికులలోనే రెండు తెగలు ఏర్పడినవి. సెల్‌ఫోనున్నవాడు ఇంటనే కూర్చుండి హైదరాబాదునకో, బెంగళూరునకో, చెన్నపట్నమునకో చోటు కొనుచున్నాడు. తన బస్సు ఎక్కడనున్నదో తెరపై చూచుచున్నాడు. ఇది మంచి సౌకర్యమే. కాని పల్లెవెలుగు బస్సునకై వచ్చినవానికి ఫోను తెరకంటె మనిషి నోటిమాట ముఖ్యము. విచారణ గవాక్షము వద్ద కూర్చున్న ఉద్యోగి విసుగుకొనిన నాడు అతనికి మరియొక దిక్కులేదు. ఇంద్ర, గరుడ, అమరావతి అను పేర్లతో చల్లని బస్సులు రాత్రివేళ సొగసుగా బయలుదేరుట సంతోషింపదగినదే. ఆ వెలుగులో పల్లె బస్సు నిలుచు చోట పలక చెరిగిపోయినను గమనించువారు లేకపోవుట మాత్రము విచారకరము.

ప్రైవేటు దూరప్రయాణపు బస్సుల సంగతి వేరు. ఒక్కొక్క మజిలీలో ప్రయాణికులను ఎక్కించుకొని దించు బస్సునకు ఒక విధమైన అనుమతి, ఒక బృందమును మొత్తముగా కొనిపోవు బస్సునకు వేరొక విధమైన అనుమతి చట్టమున కలవు. రెండవ అనుమతి పొంది మొదటి పని చేయు బస్సులు అనేకము రోడ్డు ప్రక్కన, పెట్రోలు బంకుల చెంత ప్రయాణికులను ఎక్కించుకొనుచున్నవి. 2024 మే 13వ తేదీన స్వగ్రామములలో ఓటువేసి, మరునాటి రాత్రి చినగంజాము నుండి హైదరాబాదునకు తిరిగిపోవుచున్న వారి ప్రైవేటు బస్సు చిలకలూరిపేట సమీపమున టిప్పరును ఢీకొని మంటలు చెలరేగగా ఆరుగురు మరణించిరి. 2025 అక్టోబరు 24వ తేదీన కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద కాలిపోయిన ప్రైవేటు బస్సులో 19 మంది ప్రయాణికులు మరణించిరి. ప్రభుత్వ బస్సులును దోషరహితములు కావు. 2023 నవంబరు 6వ తేదీన విజయవాడ పండిత నెహ్రూ బస్సు స్టేషనులో గుంటూరు పోవలసిన బస్సు ప్లాట్‌ఫారముపైకి దూసుకొనిపోగా ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. బస్సు ఎవరిదైనను ప్రాణము ఒక్కటే. అత్యవసర ద్వారము తెరచుకొనుచున్నదా, అద్దము పగులగొట్టు సుత్తి ఉన్నదా అను పరీక్ష బస్సు కదలుటకు పూర్వమే జరుగవలెను.

2025 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ వరకు గల ఐదు తరగతుల బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించినది. ఛార్జీకి వెనుదీసి పైచదువు మాన్పించు తల్లిదండ్రులకు ఇక ఆ సాకు లేదు. అయితే టిక్కెట్టు ఉచితమైనంత మాత్రమున బస్సు రాదు. సాయంకాలపు బస్సు రద్దయిన రోజున చీకటిపడి ఇల్లు చేరిన పిల్లను మరునాడు కళాశాలకు పంపుటకు ఏ తల్లి జంకదు? ఇట్లు నాలుగు పర్యాయములు జరిగినచో ఆ పిల్ల చదువు ఆగిపోవును. అది ఏ లెక్కల పుస్తకమునకును ఎక్కని నష్టము. బస్సు నడిపిన కిలోమీటరుకు వచ్చిన రాబడిని లెక్కించు అధికారులు దీనిని గూడ లెక్కించుట ధర్మము.

చేయవలసిన పనులు పెద్దవి కావు. ప్రతి బస్సు స్టేషనులోను ఊరి ఊరికి చివరి బస్సు ఎన్నిగంటలకో పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసి పెట్టవలెను. చివరి బస్సు రద్దగునెడల ఆ సంగతి ముందుగా మైకులో చెప్పి, మారు బస్సు ఏర్పాటు చేయవలెను. చదువురాని వారికి చెప్పుటకే ఒక మనిషిని నియమింపవలెను. డిపో మేనేజరుకు టెలిఫోను చేసి విన్నవించుకొను కార్యక్రమములు సంస్థలో లేకపోలేదు. కాని బస్సుల సంఖ్యను నిర్ణయించు పైఅధికారులు మూడు నెలలకొక మారైనను చివరి బస్సు పోవు ఊళ్ళకు వచ్చి, ఉపాధ్యాయులను, రైతులను, కూలీలను కూర్చుండబెట్టుకొని వినినగాని వేళలు సరిపడవు. విన్నవాడే నిర్ణయింపవలెనను నియమము కోర్టులకు మాత్రమే పరిమితము కాదు.

ఈ విషయమున పాఠశాలలు చేయదగినదియు కలదు. తమ ఊరి బస్సుల రాకపోకలను విద్యార్థులు ఒక మాసముపాటు పుస్తకమున వ్రాసి ఉంచినచో, ఎన్ని రోజులు ఆలస్యమైనదో, ఎన్ని రోజులు రానే లేదో తేదీలతో తేలును. నోటిమాటగా చెప్పిన మొరకంటె అట్టి పట్టికకు కార్యాలయములలో విలువ హెచ్చు. గణితమునకు గణితము, పౌరశాస్త్రమునకు పౌరశాస్త్రము ఆ అభ్యాసమున అలవడును. వరుసలో నిలుచుట, కిటికీలోనుండి తుండుగుడ్డ విసరి చోటు పట్టుకొనకుండుట, పలక చదువలేని వృద్ధునకు చదివి చెప్పుట గూడ చదువులోని భాగములే.

మిరపకోతలు మరల వచ్చును. కూలీల మూటలు మరల బస్సు స్టేషనులో దిగును. ఆ లోపుగా పల్లె దారుల చివరి బస్సులను సరిదిద్ది, వాటి వేళలను అందరికిని కనబడునట్లు ప్రకటించుటకు రవాణా అధికారులు పూనుకొందురని ఆశింతము.