శిక్షణ ఇచ్చే కుర్చీలో తల్లి కూడా కూర్చోవాలి

విజయనగరం జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను పనిచేస్తున్న రోజుల్లో ఒక తల్లి మూడేళ్ళ కొడుకును ఎత్తుకొని వచ్చింది. "బాబూ, వీడు పేరెట్టి పిలిస్తే తిరగడు. నా మొహంకేసి చూడడు" అన్నది. బయట వరండా నిండా రోగులు. పిల్లవాడి బరువు చూశాను, గుండె విన్నాను, చెవి దగ్గర చిటిక వేశాను. "మగపిల్లలకు మాటలు కాస్త ఆలస్యంగానే వస్తాయమ్మా, కంగారుపడకు" అని ఒక టానిక్ రాసి పంపేశాను. ఆ కాలంలో మా వాళ్ళలో చాలామంది చెప్పే మాటే అది. అది పొరపాటని నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. నష్టపోయినది మాత్రం ఆ బిడ్డ.

ఆమె మళ్ళీ వచ్చేసరికి వాడికి అయిదేళ్ళు. అప్పటికే విశాఖపట్నంలో ఆటిజం అని నిర్ధారించారు. ఈసారి జ్వరం. గదిలో అడుగుపెడుతూనే పిల్లవాడు చెవులు మూసుకొని కేకలు పెట్టాడు. వాణ్ణి పట్టుకోవడానికి నేను నర్సును పిలవబోతుంటే ఆ తల్లి, "బాబూ, ఆ ఫ్యాను ఆపించండి, కిర్రుమంటోంది. మీరు కుర్చీ దిగి కింద కూకోండి. వాడికేసి చూడకండి" అన్నది. అలాగే చేశాను. నా చేతికి తన తాళంచెవుల గుత్తి ఇచ్చింది. కొంతసేపటికి వాడే వచ్చి ఆ గుత్తి పట్టుకున్నాడు, స్టెతస్కోపు పెట్టనిచ్చాడు. పదిహేనేళ్ళు సర్వీసు చేసిన వైద్యుడికి ఒక బిడ్డను ఎలా పరీక్షించాలో నేర్పినది అయిదో తరగతి చదివిన ఒక కూలీ మనిషి.

పిల్లల మానసిక ఆరోగ్యం గురించి మనం సభలు పెట్టినప్పుడల్లా "తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలి" అంటాం. వారు ఎప్పుడూ ఎదుట బల్లల మీద కూర్చుని వినేవారే. నేను కోరేది వేరు. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆశా కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు, హౌస్ సర్జన్లకు ఈ విషయంలో శిక్షణ ఇచ్చేటప్పుడు నిపుణుని పక్కన, అదే హోదాలో, అటువంటి బిడ్డను పెంచిన తల్లి గాని తండ్రి గాని శిక్షకులుగా ఉండాలి.

ఇది ఉదారత కొద్దీ చెబుతున్న మాట కాదు. వైద్యశాస్త్రం ఈ తల్లులకు చేసిన అన్యాయం చిన్నది కాదు. 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజం అనే మాటను ప్రచారంలోకి తెచ్చినప్పుడే, వారి తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువని ఒక వ్యాఖ్య చేశారు. అది పెరిగి పెద్దదై, తల్లి చల్లదనం వల్లనే బిడ్డకు ఈ స్థితి వచ్చిందనే సిద్ధాంతంగా మారింది. షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో దానిపై పెద్ద గ్రంథమే రాశారు. అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త దీనికి మూలం శరీరధర్మంలో ఉన్నదని వాదిస్తూ పుస్తకం ప్రచురించారు. ఆయన స్వయంగా అటువంటి బిడ్డకు తండ్రి. 1971లో ఉత్తర కరొలినాలో ఎరిక్ షాప్లర్, తన సహచరునితో కలిసి, తల్లిదండ్రులను సహచికిత్సకులుగా పరిగణించాలని రాశారు. నిందితులుగా నిలబెట్టినవారినే అక్కడ చికిత్సలో భాగస్వాములను చేశారు.

మన దేశానికీ ఇది కొత్త కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచుకున్నారు. అది ప్రధానంగా పెద్దల వైద్యమే అయినా, ఇంటివారిని గేటు బయట నిలబెట్టే పద్ధతిని ఆయన అప్పుడే కాదన్నారు. 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను ప్రారంభించిన మేరీ బారువా ఒక తల్లి. ఆ సంస్థ తర్వాత ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చే స్థాయికి ఎదిగింది.

గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను కలిపి జరిగిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పాలి. అందులో పనిచేసినవారు నిపుణులు కారు, శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు. తల్లి, బిడ్డ ఆడుకుంటుండగా వీడియో తీసి, ఆ తర్వాత తల్లితో కలిసి దానిని చూస్తారు. బిడ్డ ఏ క్షణంలో చూపు కలిపాడో, అప్పుడు తల్లి ఏమి చేసిందో ఇద్దరూ వెతుకుతారు. తల్లి స్పందన మెరుగుపడింది, బిడ్డ తనంతట తాను పలకరించడం పెరిగింది. ఒక కొలతలో మాత్రం, అంటే ఇద్దరూ ఒకే వస్తువుపై దృష్టి నిలిపే సమయంలో, ఫలితం ప్రతికూలంగా వచ్చింది. దానిని పరిశోధకులు దాచలేదు. అద్భుతాలు చేస్తామనే ప్రకటనల కంటె ఇటువంటి ఫలితాలనే నేను ఎక్కువగా నమ్ముతాను.

లెక్క చూసినా సంగతి అర్థమవుతుంది. మండలంలోని భవిత కేంద్రానికో, జిల్లా ఆసుపత్రిలో డైక్ అని పిలిచే కేంద్రానికో వారానికి ఒకసారి తీసుకువెళ్తే బిడ్డకు దక్కేది ముప్పావు గంట. రోజుకు 12 గంటలు మేలుకొని ఉంటాడనుకున్నా వారానికి 84 గంటలు. మిగిలిన 83 గంటల పైచిలుకు ఇంట్లోనే. ఆ గంటలలో ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది అన్న జ్ఞానం ఏ కేసు షీటులోను ఉండదు.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. ప్రభుత్వం తన బాధ్యతను తల్లి నెత్తిన పెట్టి తప్పుకుంటుందన్న భయం అందులో బలమైనది, సకారణమైనది. స్పీచ్ థెరపిస్టు పోస్టు ఖాళీగా ఉంచి "తల్లే నేర్పుతుంది లెండి" అనే అధికారి రేపు తప్పక బయలుదేరుతాడు. తల్లి శిక్షకురాలు కావడం నిపుణుని పక్కనే గాని నిపుణునికి బదులుగా కాదు. ఇక తల్లి అనేటప్పుడు తండ్రిని వదిలేయడం మన అలవాటు. నా ఓపీలో అటువంటి బిడ్డతో తండ్రి వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మరొక హెచ్చరిక. బిడ్డ కథ చెప్పే హక్కు తల్లికి ఎంతవరకు ఉన్నది? మూడేళ్ళవాడి సంగతి వేరు, పదిహేనేళ్ళవాడి సంగతి వేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళవారిలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నట్టు తేలింది. కుంగుబాటుతో ఉన్న ఇంటర్ విద్యార్థి గురించి నలుగురిలో మాట్లాడాలంటే అతని అంగీకారం కావాలి. కొన్ని ఇళ్ళలో మార్కుల కోసం వేధించే తల్లిదండ్రులే సమస్యలో భాగం. అక్కడ ఈ నమూనాను గుడ్డిగా ప్రయోగించకూడదు. అటువంటి పిల్లలకు 14416 టెలీ మానస్ నంబరు నేరుగా అందేలా చూడటమే ముఖ్యం.

పదవీ విరమణ తర్వాత ఒక మండలంలో అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణకు నన్ను పిలిచారు. నాకు ఇచ్చిన రెండు గంటలలో ఒక గంట ఆ విజయనగరం తల్లికి ఇస్తానన్నాను. నిర్వాహకుడు "ఆవిడ క్వాలిఫికేషన్ ఏమిటి సార్?" అని అడిగాడు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాను. ఆమె మాట్లాడినది పది నిమిషాలే. తర్వాత కార్యకర్తలు అడిగిన ప్రశ్నలతో భోజనాల వేళ దాటిపోయింది. గుచ్చే బట్టలు, తినని కూరలు, బస్సు ప్రయాణం, అత్తగారి మాటలు. నా గంటలో ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సాయంత్రం నాకు గౌరవ వేతనం కవరులో పెట్టి ఇచ్చారు. ఆ రోజు కూలి మానుకొని వచ్చిన ఆమెకు ఇవ్వడానికి నిబంధన లేదన్నారు. ఈ రాతను జిల్లా అధికారులు ఎవరైనా చదివితే, ముందు ఆ నిబంధన సంగతి చూడమని నా విన్నపం.