కోళ్ల షెడ్డుకు లోన్ దొరుకుతుంది.. పప్పు యూనిట్‌కు?

2025 సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చినప్పుడు అందరం కార్లు, టీవీలు, ఏసీల ధరలే చూశాం. అదే జాబితాలో ఉన్న ఒక చిన్న లైన్ చాలామంది కంట పడలేదు. పెళ్లి భోజనాల్లో, హాస్టల్ మెస్సుల్లో మనం తినే మీల్ మేకర్ మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సోయా పాలదీ అదే దారి. బాదం, ఓట్స్ లాంటి మిగతా మొక్కల పాల మీద 18 నుంచి 5కి దిగింది. ఇది చూసి సర్కారు మాంసం వదిలేసి మొక్కల ప్రొటీన్ వైపు మళ్లిందనుకుంటే పొరపాటే. అంత సీన్ ఇంకా లేదు.

ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఈ లెక్కలెందుకు అంటారా? రాయితీ, లోన్, సరుకు తప్పకుండా కొనేవాడు.. ఈ మూడూ ఒకచోట దొరికే రంగంలోనే నాలుగైదేళ్లకు పోస్టులు పడతాయి. ఫుడ్ ప్రాసెసింగ్ వైపు చూస్తున్న బీటెక్, బీఎస్సీ వాళ్లు ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి. ఒక్క రాయితీ కనిపించగానే 'ఫ్యూచర్ ఇదే బ్రో' అనేస్తే కష్టం.

నిజాంపేటనే తీసుకుందాం. కూకట్‌పల్లి పక్కన హాస్టళ్లతో నిండిపోయిన నిజాంపేట కాదు, మెదక్ జిల్లాలో రామాయంపేట పక్కనున్న నిజాంపేట. ఇటువైపు మక్కలు పండిస్తారు. ఆ పంటకు పెద్ద గిరాకీ మన కంచం నుంచి కాదు, కోళ్ల దాణా నుంచి వస్తుంది. దాణాలో ఎక్కువ భాగం మక్కలే, ప్రొటీన్ కోసం సోయా చెక్క కలుపుతారు. అంటే మన చేలు ఇప్పటికే ప్రొటీన్ పరిశ్రమలో ఉన్నాయి, మధ్యలో కోడి ఉందంతే. ఆ కోడిని తక్కువ అంచనా వేయకండి. సుమారు 1.6, 1.7 కిలోల దాణాతో కిలో బరువు పెరిగే బ్రాయిలర్‌ను మించి పొదుపుగా మాంసమిచ్చే జంతువు మన ఊళ్లలో లేదు.

దాని వెనకున్న వ్యవస్థ కూడా అంతే గట్టిది. 2022-23లో దేశంలో 13,838 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయితే ఆంధ్రప్రదేశ్ వాటా 20.13 శాతం, తెలంగాణది 12.77 శాతం. రెండూ కలిపితే దేశం గుడ్లలో మూడో వంతు మనదే. గుడ్డు ధర చెప్పడానికి, ప్రచారం చేయడానికి 1982 నుంచే నెక్ ఉంది. దాణా ప్లాంట్లు, మాంసం ప్రాసెసింగ్ యూనిట్ల కోసం కేంద్రం 2020 జూన్‌లో 15,000 కోట్ల రూపాయలతో పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి పెట్టింది. అందులో వడ్డీ మీద 3 శాతం రాయితీ. రాష్ట్రం కోళ్ల ఫారాలకు కరెంటులో యూనిట్‌కు 2 రూపాయలు తగ్గించింది. పైగా 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులు. కొనేవాళ్లకు కొదవేముంది?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చే గుడ్డు, బడిలో పిల్లాడి కంచంలో పడే గుడ్డు కూడా ప్రభుత్వ సాయమే. దాన్ని తీసేసి మొక్కల ఆహారం పెడతామంటే నేను ఒప్పుకోను. పేదింటి పిల్లకు అంత చవకగా అంత మంచి ప్రొటీన్ ఇవాళ ఇంకోటి లేదు. ఫ్యాక్టరీ తరహా పెంపకం పెరిగేందుకు ఇచ్చే డబ్బు వేరు, పిల్లల కంచంలో పెట్టే డబ్బు వేరు. నేను మాట్లాడేది మొదటి దాని గురించే.

ఎందుకంటే దాని ఖర్చు బిల్లులో కనిపించదు. కేజ్‌లో గుడ్లు పెట్టే కోడికి దొరికే జాగా ఒక ఏ4 కాగితం కన్నా తక్కువ. ఆ పెంపకాన్ని మార్చాలని లా కమిషన్ 2017లోనే 269వ నివేదిక ఇచ్చింది. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు వాడుతుంటే 2019 జులైలో కేంద్రం నిషేధించాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు వెలిశాయి, చికెన్ షాపులు వెలవెలబోయాయి.

అలాంటప్పుడు దెబ్బ ముందు ఎవరికి తగులుతుంది? మన దగ్గర చాలా షెడ్లు 'ఇంటిగ్రేషన్' పద్ధతిలో నడుస్తాయి. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, నీళ్లు, కరెంటు, కూలి రైతువి. సుమారు 40 రోజుల తర్వాత లిఫ్టింగ్ అయ్యాక కిలోకి ఇంత అని పెంపకం చార్జీ ఇస్తారు. మార్కెట్ ధర పడితే ఆ నష్టం కంపెనీది, ఇది నిజంగా మంచి విషయమే. కానీ కంపెనీ కొత్త బ్యాచ్ వేయడం ఆలస్యం చేస్తే షెడ్డు ఖాళీగా ఉంటుంది, లోన్ కిస్తీ మాత్రం ఆగదు.

మరి మొక్కల వైపు ఏముంది? చాలానే ఉంది, కానీ ముక్కలు ముక్కలుగా. చిన్న ఫుడ్ యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ. ఇది 2020లో మొదలైంది, పప్పు మిల్లుకూ ఇస్తారు, మాంసం యూనిట్‌కూ ఇస్తారు. చిరుధాన్యాల ఉత్పత్తులకు 800 కోట్లతో విడిగా ప్రోత్సాహక పథకం పెట్టారు. 2024 ఆగస్టులో ఆమోదించిన బయోఈ3 విధానంలో 'స్మార్ట్ ప్రొటీన్లు' ఒక అంశం. 2025 అక్టోబరులో 11,440 కోట్లతో పప్పుధాన్యాల మిషన్ మొదలైంది. నా దృష్టిలో వీటన్నిటిలో అసలైనది ఈ చివరిదే. కంది, మినుము, మసూర్‌ను నాలుగేళ్లపాటు రిజిస్టర్ చేసుకున్న రైతుల దగ్గర పూర్తిగా కొంటామని అందులో మాట ఇచ్చారు. కొనేవాడు దొరికితే పంట మారుతుంది. పంట మారితే మిల్లు వస్తుంది.

ఈ మాట గాల్లోంచి చెప్పట్లేదు. ఉమ్మడి మెదక్ జిల్లాలోనే జహీరాబాద్ దగ్గర, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల్లో చేసి చూపించాయి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో పడావు భూముల్లో జొన్నలు వేశారు. తీసుకున్న అప్పును రైతులు గింజల రూపంలో తీర్చారు. ఆ గింజలు ఊళ్లోనే నిల్వచేసి, ఎవరు పేదలో ఊరివాళ్లే తేల్చి, తక్కువ ధరకు అమ్మారు. బియ్యం రేషన్‌కు బదులు జొన్న రేషన్ అన్నమాట. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. దాన్ని నడిపించిన పి.వి.సతీష్ 2023లో కన్నుమూశారు. కొనుగోలు, నిల్వ, పంపిణీ ఒకేచోట కుదరడం ఆ ప్రయోగం బలం. ఈనాటి మిల్లెట్ స్టార్టప్‌ల్లో చాలావాటికి లేనిది అదే. వాళ్ల దగ్గర ప్యాకెట్ బాగుంటుంది, ఇన్‌స్టా పేజీ ఇంకా బాగుంటుంది.

బయటి దేశాలు ఈ పనిని డబ్బు పెట్టి చేస్తున్నాయి. మొక్కల ఆహారానికంటూ జాతీయ కార్యాచరణ ప్రణాళికను 2023 అక్టోబరులో డెన్మార్క్ తెచ్చింది. పశువుల ఫారాలు స్వచ్ఛందంగా మూసేసే రైతులకు పరిహారం ఇచ్చే పథకాలకు నెదర్లాండ్స్‌కు 2023 మేలో యూరోపియన్ కమిషన్ అనుమతి దొరికింది. అక్కడా రైతుల గొడవలు తక్కువేం జరగలేదు. ఇక్కడ షెడ్డు లోన్ నడుస్తున్న రైతుకు అలాంటి దారి చూపే పథకం ఒక్కటీ కనపడదు. మార్పు కావాలనేవాళ్లు ముందు అడగాల్సింది దీని గురించే.

ఇక జాబ్స్. నకిలీ చికెన్ అమ్మే కంపెనీల మీద ఆశలన్నీ పెట్టుకోకండి. అమెరికాలో బియాండ్ మీట్ 2019లో 25 డాలర్లకు షేర్లు అమ్మి, కొన్ని నెలల్లోనే 200 డాలర్లు దాటింది, తర్వాత 5 డాలర్ల కిందికి పడిపోయింది. రుచి, ధర రెండూ అసలు మాంసంతో పోటీపడకపోతే ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనడు. చికెన్ రుచి పుట్టుకతో తెలిసిన తెలంగాణ వాళ్ల దగ్గర అది ఇంకా కష్టం.

నిలకడైన పని మధ్యలో ఉంటుంది: మిల్లు, మెషిన్, ల్యాబ్. మీల్ మేకర్ ఎలా తయారవుతుందో చూడండి. నూనె తీసేసిన సోయా పిండిని నీళ్లతో కలిపి, వేడెక్కిన బారెల్‌లో స్క్రూతో నెట్టి, డై గుండా బయటికి తీస్తారు. ఆ ఎక్స్‌ట్రూడర్ మెకానికల్ వాళ్ల సబ్జెక్టే. అదే టెక్నాలజీతో కుర్‌కురే లాంటి స్నాక్స్, నీళ్లమీద తేలే చేపల దాణా కూడా చేస్తారు. అంటే సర్కారు డబ్బు ఎటు మళ్లినా ఆ స్కిల్ వృథా కాదు. ఎలక్ట్రానిక్స్ వాళ్లకు సార్టింగ్ మెషిన్లు, ప్లాంట్ ఆటోమేషన్ ఉన్నాయి. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ డిగ్రీతో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అర్హత ఉంటుంది. గేట్‌లో ఎక్స్‌ఈ పేపర్‌లో ఫుడ్ టెక్నాలజీ ఒక సెక్షన్. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంటర్‌లో ఉంటే రుద్రూర్‌లోని ఫుడ్ టెక్నాలజీ కాలేజీ గురించి చెప్పండి. సొంతంగా ఏదైనా పెట్టాలనుంటే రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థకు చెందిన న్యూట్రిహబ్, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. కంది, శనగ, జొన్న, సజ్జ ఇక్రిశాట్ ముఖ్య పంటలు. ల్యాబ్‌లో మాంసం పెంచే పరిశోధన మీద ఆసక్తి ఉంటే సీసీఎంబీ ఉంది. ఆ పనికి 2019లోనే కేంద్రం నుంచి నిధులు వచ్చాయి.

ఇంట్లో షెడ్డు వేద్దామనే మాట నడుస్తుంటే మాత్రం వద్దని గొడవపడకండి. ఆ ఆదాయంతోనే మన ఊళ్లలో చాలామంది ఫీజులు కట్టారు. కంపెనీ ఇచ్చే అగ్రిమెంట్ ఇంగ్లిష్‌లో ఉంటే మీరే కూర్చుని చదవండి. ఏడాదికి కనీసం ఎన్ని బ్యాచ్‌లు వేస్తామని రాశారు? ఎండాకాలంలో కోళ్లు చనిపోతే పెంపకం చార్జీలో ఎంత కోస్తారు? బర్డ్ ఫ్లూ వచ్చి షెడ్డు ఖాళీగా ఉంటే ఏమిస్తారు? ఈ మూడూ కాగితం మీద లేకపోతే, సంతకం పెట్టేముందు రాసివ్వమని బాపుతో అడిగించండి.